గుండె కొట్టుకొనుచుండగా మరణమని ఎట్లు చెప్పుదురు?

(మెదడు మరణమును గూర్చిన పాఠము)

పాఠ్యభాగము: 2 సమూయేలు 12:15–23
కలిపి చదువవలసినవి: ఆదికాండము 2:7, ప్రసంగి 3:1–2, యోహాను 11:1–44



దావీదు రాజు బిడ్డ జబ్బుపడెను. బిడ్డ బ్రదికియున్నంత కాలము తండ్రి ఉపవాసముండి, నేలమీద పడియుండి, దేవుని బతిమాలుకొనెను. ఏడవ దినమున బిడ్డ చనిపోయెను. ఆ మాట రాజుతో చెప్పుటకు సేవకులకు ధైర్యము చాలలేదు. వారిలో వారు గుసగుసలాడుకొనుట చూచి రాజు సంగతి గ్రహించెను. బిడ్డ చనిపోయెనా అని సూటిగా అడిగెను. వారును సూటిగా అవునని చెప్పిరి. అప్పుడతడు లేచి, స్నానము చేసి, బట్టలు మార్చుకొని, దేవుని మందిరమునకు వెళ్లి మ్రొక్కెను. తరువాత ఇంటికి వచ్చి భోజనము చేసెను.

ఈ భాగములో రెండు సంగతులు గమనింపదగినవి. ప్రాణమున్నంతవరకు ప్రార్థించుట, ప్రయాసపడుట తండ్రి ధర్మమైయుండెను. ప్రాణము పోయిన తరువాత ఆ సత్యము అతనికి తెలియవలసియుండెను. సేవకులు చెడ్డవారు కారు. రాజుమీది జాలిచేతనే నోరు మూసికొనిరి. అయినను రాజు లేచుటకు తోడ్పడినది వారి మౌనము కాదు, వారి జవాబు.

ఆ కాలమున ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ధైర్యముంటే చాలియుండెను. మన కాలమున ధైర్యముతోపాటు తెలివియు కావలెను. ఎందుకో చూడుడి.

మన ఊళ్లలోని ఒక కుటుంబమును తలంచుకొందము. ఇరువదిరెండేండ్ల కుమారుడు రాత్రివేళ మోటారు సైకిలుమీద ఇంటికి వచ్చుచు, దీపము లేక రోడ్డుమీద నిలిచియున్న ట్రాక్టరు ట్రక్కును గుద్దుకొనెను. తలకు హెల్మెట్టు లేదు. పట్టణపు ఆసుపత్రినుండి నగరపు ఆసుపత్రికి తీసికొనిపోయిరి. మూడవ దినమున వైద్యుడు తండ్రిని పిలిచి, "మీ అబ్బాయి బ్రెయిన్ డెడ్ అయ్యాడు" అని చెప్పెను. తల్లి లోపలికి పోయి కొడుకు చేయి పట్టుకొనెను. చేయి వెచ్చగా నున్నది. రొమ్ము లేచుచు పడుచున్నది. మంచము ప్రక్కనున్న తెరమీద గుండె గీత పరుగెత్తుచున్నది. ఆమె బయటికి వచ్చి, "అయ్యగారూ, నా బిడ్డ ఒళ్లు వెచ్చగా ఉందండీ. గుండె కొట్టుకుంటోంది. చచ్చిపోయాడని ఎట్లా అంటారండీ?" అని సంఘ కాపరిని అడిగెను. ఇంటివారందరును అయ్యగారి ముఖము చూచుచున్నారు. ఊరిలోనున్న అర ఎకరము అమ్మి డబ్బు తెమ్మని చెప్పవలెనా, వద్దని చెప్పవలెనా అని తండ్రి ఎదురుచూచుచున్నాడు.

ఆ గడియలో ఏమి చెప్పవలెను? ఈ పాఠము ఆ గడియ కొరకే.

1. మన పెద్దలు ఎరిగిన గుర్తులు

మన పెద్దలు ముక్కు దగ్గర వ్రేలు పెట్టి ఊపిరి చూచెడివారు. నాడి పట్టి చూచెడివారు. కన్ను తెరచి చూచెడివారు. ఊపిరి, గుండె, తెలివి ఈ మూడును కొద్ది నిమిషములలోనే ఒకదాని వెంట ఒకటి పోవుచుండెను గనుక, ఏది మొదట పోయెనని ఎవరును తర్కింపలేదు.

అయితే ఈ మూడింటికి దేహములో వేరువేరు ఏర్పాట్లున్నవి. గుండెకు తాళము వేయునది గుండెలోనే యున్నది. దాని కుడిప్రక్క పైగదిలోని ఒక చిన్న కణజాలము క్షణక్షణము ప్రేరణ నిచ్చుచుండును. కాబట్టి ప్రాణవాయువు అందుచున్నంతసేపు మెదడు ఆజ్ఞ లేకయే గుండె కొంతకాలము కొట్టుకొనగలదు. ఊపిరి అట్లు కాదు. ఊపిరి తీయుమను ఆజ్ఞ మెదడునుండియే రావలెను. మెదడు అడుగున, మెడలోని వెన్నుపాముతో కలియుచోట, బొటనవ్రేలంత లావున ఒక భాగమున్నది. దానిని మెదడు కాండము అందురు. ఊపిరి, దగ్గు, మ్రింగుట, కంటిపాప ముడుచుకొనుట, మేలుకొనియుండుట మొదలైనవాటికి అదియే మూలము.

తలకు బలమైన దెబ్బ తగిలినప్పుడు, లేక మెదడులో రక్తము చిమ్మినప్పుడు, పుఱ్ఱెలోపల వాపు పెరుగును. పుఱ్ఱె గట్టి పెట్టెవంటిది గనుక వాపు బయటికి వెళ్లుటకు దారి లేదు. లోపలి ఒత్తిడి రక్తపు పోటును మించినప్పుడు మెదడునకు రక్తము చేరదు. మెదడు కాండము నలిగిపోవును. పూర్వకాలమున ఇట్టివానికి వెంటనే ఊపిరి ఆగి, తరువాత గుండె ఆగెడిది. అందరును చనిపోయెనని ఒప్పుకొనెడివారు.

2. యంత్రము వచ్చిన తరువాత

1952వ సంవత్సరమున డెన్మార్కు దేశపు కోపెన్‌హాగెన్ నగరమున పోలియో వ్యాధి ఉధృతముగా వ్యాపించెను. ఊపిరి తీయు కండరములు పడిపోయి రోగులు చనిపోవుచుండిరి. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు ఒక పన్నెండేండ్ల బాలికకు గొంతులో గొట్టము పెట్టి, రబ్బరు సంచిని చేతితో నొక్కి ఊపిరి పోసెను. ఆమె బ్రదికెను. తరువాత వందలకొలది వైద్య విద్యార్థులు వంతులు వేసికొని, రాత్రింబగళ్లు రోగుల ప్రక్క కూర్చుండి సంచులు నొక్కిరి. మరణములు మిక్కిలి తగ్గెను. ఆ చేతుల పనిని తరువాత యంత్రములు చేపట్టెను. ఈనాడు మనము వెంటిలేటరు అని పిలుచునది అదియే. దానివలన బ్రదికినవారు లెక్కలేనంతమంది. దానినిగూర్చి మనము దేవునికి కృతజ్ఞత చెల్లింపవలెను.

అయితే దానితో ఒక కొత్త స్థితియు కనబడెను. మెదడు పూర్తిగా నశించినను యంత్రము ఊపిరి పోయుచున్నందున కొందరికి గుండె ఆడుచునే యుండెను. 1959లో పారిస్ నగరమున మొల్లారె, గూలోన్ అను ఇద్దరు వైద్యులు అట్టి 23 మందిని గూర్చి వ్రాసి, దానికి కోమాను దాటిన స్థితి అని పేరు పెట్టిరి. దీనికి రెండేండ్లు ముందుగానే, 1957లో, ఇట్టి రోగులను గూర్చి మత్తువైద్యులు రోమా పీఠాధిపతి పన్నెండవ పయస్‌ను అడిగిరి. మరణ సమయము ఎప్పుడో తేల్చి చెప్పుట వైద్యుల పని అని ఆయన జవాబిచ్చెను.

1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ మొట్టమొదటిసారి ఒక మనుష్యుని గుండెను మరియొకనికి అమర్చెను. మరుసటి సంవత్సరము ఆగస్టులో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయపు సంఘము, హెన్రీ బీచర్ అను వైద్యుని అధ్యక్షతన, తన నివేదికను ప్రకటించెను. ఆ సంఘములో వైద్యులతోపాటు ఒక న్యాయశాస్త్రజ్ఞుడు, ఒక చరిత్రకారుడు, ఒక వేదాంత పండితుడు ఉండిరి. ఎట్టి ప్రేరణకును స్పందన లేకపోవుట, కదలికయు ఊపిరియు లేకపోవుట, ప్రతిచర్యలు లేకపోవుట అను గుర్తులను వారు చెప్పిరి. మెదడు విద్యుత్తును చూపు గీత చదునుగా నుండుట దీనికి బలమిచ్చుననిరి. 24 గంటల తరువాత మరల పరీక్షింపవలెననియు నియమించిరి. 1976లో బ్రిటను వైద్య సంఘములు మెదడు కాండమునే ముఖ్యముగా నెంచి తమ నియమములను ఏర్పరచినవి. మన దేశపు చట్టమును మెదడు కాండ మరణము అనియే చెప్పుచున్నది.

3. కోమా వేరు, మెదడు మరణము వేరు

ఈ రెండును ఒకటే యనుకొనుటవలన ఇండ్లలో గొప్ప గలిబిలి కలుగుచున్నది. మూడు స్థితులను వేరుచేసి తెలిసికొందము.

కోమాలోనున్నవాడు కన్ను తెరవడు, పలుకడు. అయినను అతని మెదడులో కొంత భాగము పనిచేయుచునేయుండును. అతడు బ్రదికియున్నాడు. కొందరు కోలుకొందురు, కొందరు కోలుకొనరు.

రెండవ స్థితిలో రోగి కన్నులు తెరచును, నిద్రించును, మేలుకొనును, తనంతట తానే ఊపిరి తీయును. అయితే ఎవరిని గుర్తించు జాడయు కనబడదు. ఇట్టివారును బ్రదికియున్నవారే. 1973లో దాడికి గురియైన ముంబయి నర్సు ఒకామె 2015 వరకు, అనగా నలువది రెండేండ్లు, ఆసుపత్రి మంచముమీదనే యుండెను. తోటి నర్సులు ఆమెను బిడ్డవలె సాకిరి. ఆమె విషయము విచారించిన సుప్రీంకోర్టు 2011లో ఆమెది మెదడు మరణము కాదని స్పష్టముగా చెప్పెను.

మూడవది మెదడు మరణము. ఇందులో మెదడు కాండము పని పూర్తిగా, తిరిగి రానట్లుగా ఆగిపోయినది. తానుగా ఊపిరి లేదు. రొమ్ము లేచి పడుట యంత్రము చేయుపని. ఇది గాఢమైన కోమా కాదు. వైద్యమును చట్టమును దీనిని మరణమనియే యెంచుచున్నవి.

మన పత్రికలలో ఇట్టివారిని జీవన్మృతుడని వ్రాయుట కద్దు. ఆ మాట వినుటకు బాగుగా నున్నను తల్లిదండ్రులను తికమకపెట్టును. సగము బ్రదుకు, సగము చావు అను స్థితి యేదో యున్నదని వారు తలంతురు; ఆ సగమును నిండు చేయుటకు ఆస్తి అమ్ముదురు. కాబట్టి వారితో మాటలాడునప్పుడు, చనిపోయెను అను తేట మాటనే మృదువుగా చెప్పుట మేలు.

4. ఎట్లు నిర్ణయింతురు?

వైద్యుడు ఒకసారి చూచి చెప్పివేయుటకు ఇది నాడి చూచుటవంటిది కాదు. దీనికి వరుస యున్నది.

మొదట, మెదడు ఎందువలన చెడెనో తెలిసియుండవలెను. తల దెబ్బయో, రక్తస్రావమో, ప్రాణవాయువు అందకపోవుటయో స్కాను మొదలైనవాటివలన రూఢి కావలెను. కారణము తెలియనిచో పరీక్షలు మొదలుపెట్టరాదు.

రెండవది, మెదడు మరణమువలె కనబడు ఇతర స్థితులు లేవని నిశ్చయము చేసికొనవలెను. ఇది మన పల్లెలవారికి మిక్కిలి ముఖ్యము. కట్లపాము రాత్రివేళ నేలమీద పరుండినవారిని కరచును. నొప్పి అంతగా ఉండదు, వాపు ఉండదు. తెల్లవారునప్పటికి రెప్పలు వాలి, ఒళ్లంతయు చచ్చుబడి, ఊపిరి ఆగును. కంటిపాపలు కూడ కదలకపోవచ్చును. చూచువారికి చనిపోయినట్లే యుండును. కాని లోపల మెదడు బాగుగానే యుండవచ్చును; మన మాటలు వినుచుండవచ్చును! విషమునకు విరుగుడు మందు ఇచ్చి యంత్రముతో ఊపిరి పోసినయెడల కొన్ని దినములలో లేచి నడచినవారున్నారు. నాగుపాము కాటును ఇట్టిదే. పురుగుమందు త్రాగినవారును, నిద్రమాత్రలు ఎక్కువగా మ్రింగినవారును ఇట్లే మోసపుచ్చెదరు. ఒళ్లు మిక్కిలి చల్లబడుట, రక్తములో చక్కెర, లవణములు తారుమారగుట, మత్తుమందుల బలము ఇంకను దిగకపోవుట, ఇవన్నియు మొదట తొలగింపవలెను. కావున పాము కరచిన సంగతిగాని, మందు త్రాగిన సంగతిగాని వైద్యునికి దాచవద్దు. పరువు పోవునని దాచిన మాట ప్రాణము తీయవచ్చును.

మూడవది, మెదడు కాండపు పరీక్షలు. కంటిలో దీపము వేసి కంటిపాప ముడుచుకొనునేమో చూతురు. దూదిపోగుతో నల్లగ్రుడ్డును తాకి రెప్ప కొట్టునేమో చూతురు. తలను అటునిటు త్రిప్పి కన్నులు కదలునేమో చూతురు. చెవిలో మంచువలె చల్లని నీరు పోసి కన్నులు ఆ వైపునకు తిరుగునేమో చూతురు. ముఖముపై నొప్పి కలిగించి ముఖము ముడుచునేమో, గొంతులోనికి సన్నని గొట్టము పోనిచ్చి దగ్గునేమో, వాంతి వచ్చినట్లగునేమో చూతురు. ఇందులో ఏ ఒక్కదానికి జవాబు వచ్చినను మెదడు మరణమని చెప్పరాదు.

నాలుగవది, ఊపిరి పరీక్ష. ఇదియే వీటన్నిటిలో కడపటిది, బరువైనది. మొదట రోగికి నిండుగా ప్రాణవాయువు ఇచ్చి, తరువాత యంత్రమును విడదీసి, సన్నని గొట్టము ద్వారా ప్రాణవాయువు మాత్రము పంపుచు ఎనిమిది పది నిమిషములు రొమ్మును, కడుపును కన్నార్పక చూచుచుందురు. ఊపిరి తీయనప్పుడు రక్తములో బొగ్గుపులుసు వాయువు పెరుగును. ఆరోగ్యవంతునిలో అది పాదరసపు కొలతలో సుమారు 40 ఉండును. 60కి చేరినప్పుడు మెదడు కాండములో ఏ మాత్రము జీవమున్నను ఊపిరి తీయక మానదు. మనము నీటిలో మునిగి ఊపిరి బిగబట్టినప్పుడు ఇక ఆగలేక పైకి లేతుము గదా, ఆ బలవంతము ఇదియే. అంతటి బలవంతమునకును ఒక్క ఊపిరియైన తీయనియెడల పరీక్ష నిశ్చయమైనది. గుండె పోటు పడిపోవునట్లు కనబడినయెడల పరీక్షను వెంటనే ఆపుదురు. పరీక్ష పూర్తిచేయ వీలులేని వారికి మెదడునకు రక్తము పోవుచున్నదో లేదో చూపు వేరు పరీక్షలున్నవి.

అయిదవది, ఇవన్నియు రెండుసార్లు చేయవలెను. మన దేశములో రెండింటికి నడుమ కనీసము 6 గంటలు ఎడముండవలెను. పసిబిడ్డలకు ఈ ఎడము ఇంకను ఎక్కువ. నలుగురు వైద్యుల మండలి కలసి సంతకము చేయవలెను: ఆసుపత్రి అధికారియైన వైద్యుడు, ప్రభుత్వముచేత అంగీకరింపబడిన పట్టికలోని స్వతంత్ర నిపుణుడు, మెదడు నరముల వైద్యుడు, రోగికి చికిత్స చేయుచున్న వైద్యుడు. మెదడు నరముల వైద్యుడు దొరకనిచోట 2011 సవరణను బట్టి వేరొక అర్హుడైన నిపుణుడు ఉండవచ్చును. అవయవములు అమర్చు బృందములోనివారు ఈ మండలిలో ఉండరాదు. ఇది 1994లో మన పార్లమెంటు చేసిన మానవ అవయవ మార్పిడి చట్టపు నియమము.

ఇంత పద్ధతిగా చేసినను పొరపాటు ఉండదా అని అడుగుదురు. అమెరికా నాడీవైద్య అకాడమీ 2010లో వైద్య రచనలన్నిటిని పరిశీలించి, తన 1995 నియమములను సరిగా పాటించి మెదడు మరణము నిర్ధారింపబడిన పెద్దవారిలో మెదడు పని తిరిగి వచ్చినట్లు ప్రకటింపబడిన ఉదాహరణము లేదని చెప్పెను. సరిగా పాటించి అను మాటను మరువవద్దు. నమ్మకము యంత్రముమీద కాదు, వరుసను తప్పక పాటించుటమీద నిలిచియున్నది.

5. లాజరు పేరుగల కదలిక

ఒక సంగతి ముందుగా తెలియనియెడల ఇంటివారి గుండె పగులును. మెదడు మరణము నిర్ధారింపబడిన తరువాతను కొన్నిసార్లు కాలివ్రేళ్లు కదలును. అరుదుగా యంత్రము తీసినప్పుడు రెండు చేతులు మెల్లగా పైకి లేచి రొమ్ముమీదికి వచ్చి మరల ప్రక్కకు పడును. 1984నుండి వైద్యులు దీనిని లాజరు గుర్తు అని పిలుచుచున్నారు. తల్లి చూచినయెడల, "లేచాడు! నా బిడ్డ లేచాడు!" అని కేక వేయకుండునా?

అయితే ఆ కదలిక మెదడునుండి వచ్చినది కాదు. వెన్నుపాములో కొన్ని ప్రతిచర్యలు తమంతట తామే జరుగును. తల తెగిన కోడి కొంతసేపు కాళ్లు కొట్టుకొనుట మన పెరళ్లలో చూచియున్నాము. మనుష్యుని కోడితో పోల్చుట కటువుగా నుండవచ్చును గాని, కారణము అటువంటిదే. పైనుండి ఆజ్ఞ లేకయే క్రింది నరములు కదలించుచున్నవి.

మంచి వైద్యులు ఈ మాట ముందుగానే ఇంటివారికి చెప్పుదురు. చెప్పనిచో కాపరియైనను, సంఘ పెద్దయైనను చెప్పవలెను.

లాజరు పేరు వచ్చినది గనుక యోహాను సువార్త పదకొండవ అధ్యాయమును కూడ తలంచుకొందము. లాజరు సమాధిలో నాలుగు దినములుండెను. అతనికి ఊపిరి లేదు, వేడి లేదు. మార్త వాసన కొట్టునని చెప్పెను. ప్రభువు అట్టివానిని పిలిచెను. ఈ సంగతి మనకు ఒక విధమైన విడుదల నిచ్చును. యంత్రము తీయనిచ్చినయెడల అద్భుతమునకు అడ్డుపడుదుమేమోనని భయపడు విశ్వాసులున్నారు. దేవుడు లేపదలచినయెడల వెంటిలేటరు ఆయనకు అక్కరలేదు. యంత్రమును పట్టుకొని వ్రేలాడుట విశ్వాసమునకు కొలత కాదు. దానిని విడుచుట అవిశ్వాసమును కాదు.

6. కొందరి సందేహములు

"అవయవముల కొరకే ఈ మరణమును కల్పించినారు" అను మాట వినబడును. ఇందులో కొంత విచారింపదగినది యున్నది. హార్వర్డ్ నివేదికయే తన రెండు కారణములలో ఒకటిగా అవయవముల విషయము పేర్కొనెను. అయితే పారిస్ వైద్యులు ఈ స్థితిని గుర్తించినది మొదటి గుండె మార్పిడికి ఎనిమిదేండ్లు ముందు. ఆ స్థితి ముందుగా వచ్చెను. దాని ఉపయోగము తరువాత వచ్చెను. అయినను దురాశ మనుష్యులలో లేదని చెప్పలేము. అందుకే చట్టము అవయవములను అమ్ముట, కొనుట నేరముగా నెంచి శిక్ష విధించుచున్నది.

దేవుని భయముగలవారిలోను అందరిది ఒకే అభిప్రాయము కాదు. యూదులలో కొందరు రబ్బీలు గుండె ఆగినప్పుడే మరణమని చెప్పుదురు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రము 1991లో, మతవిశ్వాసమునుబట్టి మెదడు మరణమును ఒప్పుకొననివారికి మినహాయింపు ఇచ్చెను. క్రైస్తవులలో అనేకులు దీనిని మరణముగా అంగీకరించిరి, కొందరు అంగీకరింపలేదు. తెలిసికొని, ప్రార్థించి, మనస్సాక్షితో నిశ్చయించుకొనవలెను గాని, ఒకరినొకరు నిందింపరాదు.

మన దేశములో ఇంకొక చిక్కున్నది. మెదడు కాండ మరణమను మాటకు నిర్వచనము అవయవ మార్పిడి చట్టములోనే యున్నది. కాబట్టి ఇంటివారు దానమునకు ఒప్పుకొననప్పుడు ఆసుపత్రులు ఒకే రీతిగా నడచుకొనుట లేదు. కొన్నిచోట్ల గుండె ఆగువరకు యంత్రము నడిపింతురు. సాధారణముగా కొద్ది దినములలోనే గుండెయు ఆగును. కేరళ ప్రభుత్వము 2020లో, దానముతో నిమిత్తము లేకుండ మెదడు మరణమును నిర్ధారించుటకు నియమములు ప్రకటించెను.

దానమును గూర్చి ఒక మాట. అది దానమే గాని కప్పము కాదు. దగ్గరి బంధువుల వ్రాతపూర్వకమైన ఒప్పుదల లేక ఎవరును అవయవములను ముట్టరాదు. ఒప్పుకొన్నయెడల, ఆ తరువాత దేహమును కాపాడుటకు, అవయవములు తీయుటకు అగు ఖర్చు దాత కుటుంబముమీద పడదు. మన రెండు తెలుగు రాష్ట్రములలో జీవన్‌దాన్ అను ప్రభుత్వ పథకము ద్వారా అవయవములు వరుసప్రకారము రోగులకు చేరుచున్నవి. అవయవములు లేని దేహము పునరుత్థానమున ఎట్లు లేచునని కొందరు అడుగుదురు. సముద్రములో మునిగినవారిని, అగ్నిలో కాలిన హతసాక్షులను లేపువాడు దీనికి కొరతపడడు. పౌలు 1 కొరింథీయులకు 15వ అధ్యాయములో చెప్పిన విత్తనపు ఉపమానమును చదువుకొనుడి. అయినను ఒప్పుకొననివారిని కఠినులని అనవద్దు.

7. ఆ గడియలో మనము చేయవలసినది

కాపరులారా, పెద్దలారా, ఇంటివారి ప్రక్కన నిలిచి ఈ మాటలు వైద్యుని వినయముగా అడుగుడి:

మెదడు చెడుటకు కారణమేమి? మత్తుమందుల బలము, విషము పూర్తిగా దిగిపోయెనా? ఊపిరి పరీక్ష చేసిరా? రెండవసారి పరీక్ష ఎప్పుడు? మండలిలోని వైద్యులు సంతకము చేసిరా? మాకు కాగితము చూపుదురా?

ఇట్లు అడుగుట వైద్యుని అవమానించుట కాదు. దావీదును అడిగెను. మంచి వైద్యుడు సంతోషముగా చెప్పును. ఒక్కొక్కప్పుడు తల్లినో తండ్రినో లోపలికి పిలిచి ఊపిరి పరీక్షను చూడనిచ్చెదరు. యంత్రము లేనప్పుడు ఆ రొమ్ము కదలకుండుట కన్నులార చూచినవారికి మనస్సు కుదుటపడుట కలదు.

పరీక్షలు ముగియకముందే "అయిపోయింది, తీసికొనిపొండి" అని ఎవరైన తొందరపెట్టినయెడల, ఆగి అడుగుడి. పరీక్షలు రెండును ముగిసి సంతకములైన తరువాత, "ఇంకను ఆశ యున్నది, పొలము అమ్ముడి" అని ఎవరైన చెప్పినయెడల, అదియు దయ కాదు. ఆ అర ఎకరము చెల్లెలి పెండ్లికి, తమ్ముని చదువునకు మిగిలిన ఆధారమైయుండవచ్చును. రోడ్డు ప్రమాదమైనయెడల పోలీసు విచారణ, శవపరీక్ష కూడ ఉండును గనుక, సమాధి కార్యక్రమము కొంత ఆలస్యమగునని ఊరిలోనివారికి ముందే తెలియజేయుడి.

ఇక ఆ తల్లికి ఏమి చెప్పుదుము? ఆమె ప్రక్కన కూర్చుండి, ఆమె చేయి పట్టుకొని, ఇట్లు చెప్పవచ్చును: "అమ్మా, చేయి వెచ్చగా ఉన్నమాట నిజమే. గుండెకు తన తాళము తనకే ఉన్నది, అందుకని కొట్టుకుంటున్నది. ఊపిరి మాత్రం యంత్రానిది. వైద్యులు రెండుసార్లు యంత్రం తీసి చూచారు. బిడ్డ తనంతట తాను ఒక్క ఊపిరి కూడ తీయలేదు. బిడ్డ వెళ్లిపోయాడమ్మా." ఈ మాట చెప్పుటకు నోరు రాదు. దావీదు సేవకులకును రాలేదు. కాని ఆమె ఏడ్చుటకును, లేచుటకును ఆ మాట విని తీరవలెను. చెప్పిన తరువాత వెంటనే వెళ్లిపోవద్దు. ఆమె బిడ్డ నుదురు ముద్దుపెట్టుకొనువరకు, తండ్రి కడసారి పేరుపెట్టి పిలుచువరకు అక్కడనే యుండుడి.

దావీదు లేచినప్పుడు దుఃఖము తీరిపోయెనని వ్రాయబడలేదు. తాను బిడ్డయొద్దకు పోవుదునుగాని బిడ్డ తనయొద్దకు మరల రాడని అతడు ఎరిగెను. ఆ ఎరుకతోనే మందిరములోనికి వెళ్లెను. మన సంఘములలో అట్టి తండ్రి లేచి మందిరమునకు వచ్చునప్పుడు, అతనికి చోటిచ్చి ప్రక్కన కూర్చుండువారు ఉందురు గాక.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దావీదు సేవకులు ఎందుకు మౌనముగా నుండిరి? మన ఇండ్లలో ఇట్టి మౌనము ఎప్పుడు కనబడుచున్నది?
2. కోమాకును మెదడు మరణమునకును గల భేదమును మీ ఇంటివారికి మీ మాటలలో ఎట్లు వివరింతురు?
3. పాము కాటు, పురుగుమందు సంగతి వైద్యునికి దాచుటవలన ఏమి కీడు కలుగును?
4. యంత్రమును విడుచుట అవిశ్వాసమా? యోహాను 11వ అధ్యాయమునుబట్టి మాటలాడుకొనుడి.
5. ఇట్టి దుఃఖములోనున్న కుటుంబమునకు మన సంఘము మొదటి వారములో ఏమి చేయగలదు? ఎవరు వెళ్లుదురు, ఎవరు భోజనము పంపుదురు అని పేర్లు వ్రాసికొనుడి.